పెర్త్ నుంచి గ్వాలియాకి: పాత బంగారు గని ఊరు చూడాలనుకునేవాళ్లకి

అడిగిన ప్రశ్న ఇది: "పెర్త్‌లో ఉంటున్నాం. జులై స్కూలు సెలవుల్లో అమ్మానాన్న మా దగ్గర ఉంటారు. నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడ పాత బంగారు గని ఊరొకటి చూపించమంటున్నారు. నాలుగు రోజుల టైముంది, మామూలు సెడాన్ కారుంది. కల్గూర్లీ చూస్తే చాలా, ఇంకా లోపలికి గోల్డెన్ క్వెస్ట్ ట్రైల్ మీద వెళ్లాలా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి."

నేను మైనింగ్ జియాలజిస్టుని. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా కల్గూర్లీలోనే ఉంటున్నాను. మావాళ్లు ఎవరొచ్చినా ఆ దారిలో తీసుకెళ్లేది నేనే. సూటిగా చెప్తాను: కల్గూర్లీ నుంచే వెనక్కి రాకండి. అక్కడ సూపర్ పిట్ అనే పెద్ద ఓపెన్ పిట్ (పైనుంచి గొయ్యిలా తవ్వే గని) దగ్గర నిలబడితే బంగారం కోసం భూమిని ఎంత లోతుకు తవ్వొచ్చో తెలుస్తుంది. దాదాపు 3.5 కి.మీ. పొడవు, 1.5 కి.మీ. వెడల్పు, 600 మీటర్లు దాటిన లోతు. పావుగంట చూస్తారు, నాలుగు ఫోటోలు తీసుకుంటారు, అంతే. బాయి పని చేసిన మనిషికి కావలసింది అది కాదు. పనివాళ్లు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, షిఫ్టు అయ్యాక ఎక్కడ కూర్చున్నారు అన్నది ఆయన చూడాలనుకుంటారు. అది కనిపించే ఊరు గ్వాలియా. కల్గూర్లీకి ఉత్తరాన 235 కి.మీ. దూరంలో లియోనోరా, దానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల గ్వాలియా. పెర్త్ నుంచి మొత్తం దాదాపు 830 కి.మీ. దారంతా తార్రోడ్డే, మీ సెడాన్ హాయిగా వెళ్తుంది.

గోల్డెన్ క్వెస్ట్ ట్రైల్ విషయం ముందు తేల్చేస్తాను. పాత గని ఊళ్లని కలిపే టూరిస్టు దారి అది. కూల్‌గార్డీ నుంచి లావర్టన్ దాకా 965 కి.మీ., మధ్యలో 25 చోట్ల సమాచార బోర్డులు. పేరు గొప్పగా ఉంది కదా అని మొత్తం తిరగాలనుకోవద్దు. చాలా భాగం మట్టిరోడ్డు, కొన్ని చోట్ల ఒక బోర్డు, ఒక రాళ్లగుట్ట, మూసేసిన ఒక షాఫ్టు (గనిలోకి దిగే బావి) తప్ప ఏమీ ఉండవు. చరిత్ర బాగా చదివి వచ్చినవాళ్లకి అవీ ముచ్చటగానే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని కంకర మీద అంతసేపు కుదిపితే మాత్రం మిమ్మల్ని తిట్టుకుంటారు. ట్రైల్లో గ్వాలియాని అసలు గమ్యంగా పెట్టుకుని, మిగతావాటిలో దారికి తగిలినవి చూసుకోండి.

ఇప్పుడు గ్వాలియా గురించి కాస్త వివరంగా. వెళ్లే ముందు ఈ కథ నాన్నగారికి చెప్పండి, అక్కడ బోర్డులు చదివే పని తగ్గుతుంది.

1892లో కూల్‌గార్డీలో, 1893లో కల్గూర్లీలో బంగారం దొరికాక జనం ఉత్తరానికి పాకుతూ పోయారు. 1896లో కార్ల్‌సన్, వైట్, గ్లెండినింగ్ అనే ముగ్గురికి ఇక్కడ బంగారం ఉన్న రాయి దొరికింది. వాళ్లకి తిండీ సామానూ సమకూర్చి పంపింది కూల్‌గార్డీలో కొట్టు నడిపే టోబియాస్ అనే ఆయన. ఆయన మూలాలు వేల్స్‌వి, గ్వాలియా అన్నది ఆ దేశానికి పాత పేరు. గనికి సన్స్ ఆఫ్ గ్వాలియా అని అలా వచ్చింది. తర్వాత లండన్ కంపెనీ బెవిక్ మోరింగ్ దిగింది. ఆ కంపెనీ తరఫున గని చూసి, కొనమని చెప్పిన ఇంజనీరు హెర్బర్ట్ హూవర్. 1898లో ఆ గనికి మేనేజరయ్యేనాటికి అతని వయసు 23. తర్వాత 1929లో అమెరికా అధ్యక్షుడైన హూవర్ ఇతనే.

ఇక్కడ టూరిస్టు కరపత్రాలన్నీ హూవర్ చుట్టూనే తిరుగుతాయి. కొండ మీద హూవర్ హౌస్ ఉంది, మేనేజర్ కోసం కట్టించిన చక్కటి ఇల్లు, చుట్టూ వరండా, ఎదురుగా పిట్. ఇప్పుడది బస చేసే చోటు కూడా. చూడండి, కాదనను, ఆ వరండాలో టీ తాగుతూ పిట్‌లోకి చూడటం బాగుంటుంది. కానీ హూవర్ ఆ ఊళ్లో మేనేజరుగా ఉన్నది కొద్ది నెలలే. 1898 చివరికల్లా చైనా ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆ కొద్ది నెలల్లో చేసిన పనులు మాత్రం ఊరి రూపాన్ని మార్చేశాయి. వారానికి 44 గంటలున్న పనిని 48 చేశాడు. ఆదివారం పనికి ఇచ్చే రెట్టింపు కూలి తీసేశాడు. ఎదురు తిరిగే కార్మికులకి పోటీగా ఇటలీ నుంచి వచ్చినవాళ్లని పెట్టుకున్నాడు. ఖర్చు తగ్గింది, లండన్‌లో వాటాదారులు సంతోషించారు. అలా వచ్చిన ఇటలీవాళ్లు, తర్వాత యుగోస్లావ్‌లు అక్కడే స్థిరపడి, పెళ్లాం పిల్లల్ని రప్పించుకుని, గని మూసేదాకా అంటే అరవై ఏళ్ల పైన ఆ కొండ కింద బతికారు. కాబట్టి కొండ మీద గంట గడిపితే, కొండ కింద మూడు గంటలు గడపండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. హూవర్ హౌస్ చూసి, కేకు తిని, కింద ఇళ్లని కారులోంచి చూసేసి వెళ్లిపోతారు.

కింద ఏముందంటే, రేకుల ఇళ్లు. ముడతల ఇనుప రేకులు, అడవి కర్రలు, లోపల గోనె గుడ్డ గోడలు. గోనె మీద సున్నం కొట్టేవారు, కొన్నింట్లో పాత వార్తాపత్రికలు అతికించారు. పైకప్పు చేతికందేంత ఎత్తు. నేల కొన్నింట్లో మట్టే. తలుపులు తెరిచే ఉంటాయి, లోపలికి వెళ్లి చూడొచ్చు. పొయ్యి, ఇనుప మంచం, చిన్న అద్దం, గోడకి కొట్టిన డబ్బా అర. ఒక గది వేసుకుని, పెళ్లయ్యాక రెండో గది, పిల్లలు పుట్టాక పక్కన ఇంకో రేకుల పంచ. ఇల్లు ఎలా పెరిగిందో రేకుల అతుకులు చూస్తే తెలిసిపోతుంది. మజ్జా కొట్టు ఉంది, ఊరికంతటికీ సరుకులు అక్కడే. ఒంటరి మగవాళ్లు ఉండి భోంచేసిన పట్రోనీ గెస్ట్ హోమ్ ఉంది. గులాబీ రంగు వేసిన బుల్లి ఇల్లొకటి ఉంది, పిల్లలకి అదే నచ్చుతుంది. నాన్నగారు ఈ ఇళ్లలో ఎంతసేపు నిలబడతారో చూడండి. పాత కార్మిక వాడల్లో తిరిగిన మనిషికి ఆ వరస, ఆ ఇరుకు కొత్తేమీ కాదు, కాకపోతే ఇక్కడ ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన రోజున రేకుల కింద గోనె గుడ్డల మధ్య ఉండటం అంటే ఏమిటో ఆయనకి ఎవరూ వివరించక్కర్లేదు.

కొన్ని చోట్ల గోనె చుట్టిన చిన్న అలమరా కనిపిస్తుంది. దాన్ని కూల్‌గార్డీ సేఫ్ అంటారు. 1890ల్లో కూల్‌గార్డీలోనే పుట్టిన వస్తువు. పైన నీళ్ల తొట్టి, చుట్టూ తడి గోనె, గాలి తగిలితే లోపల వెన్న, మాంసం చల్లగా ఉంటాయి. మన వట్టివేళ్ల తడికల పనే చేస్తుందని అమ్మగారికి చెప్తే వెంటనే అర్థమవుతుంది.

ఆ వీధిలోనే పెద్ద రెండంతస్తుల ఇటుక భవనం, ఆ రేకుల మధ్య అసలు పొంతన లేకుండా నిలబడి ఉంటుంది. అది స్టేట్ హోటల్, 1903లో తెరిచారు. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వమే సొంతంగా నడిపిన మొదటి మద్యం హోటల్. ఊళ్లో దొంగసారా అమ్మకాలు ఎక్కువయ్యాయని, ఆపడానికి సర్కారే దుకాణం పెట్టింది. మనవాళ్లకి ఈ వాదన ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

ఇక గని. నాన్నగారి కోసం రెండు వస్తువులు ముఖ్యం. మొదటిది హెడ్‌ఫ్రేమ్, అంటే షాఫ్టు పైన నిలబెట్టే చట్రం. సింగరేణిలో ఆయన చూసిన నిటారు షాఫ్టుల తలకట్టులా ఉండదిది. వాలిపోయినట్టుంటుంది. ఎందుకంటే ఇక్కడ బంగారం ఉన్న రాతి పొర నేలలోకి ఏటవాలుగా దిగుతుంది, పాతరోజుల్లో ఆ పొర వెంటే షాఫ్టునీ ఏటవాలుగా కిందికి తీసుకుపోయారు. రాయి నింపిన డబ్బాలు పట్టాల మీద పైకి వచ్చేవి. దుంగలతో కట్టిన ఇలాంటి ఏటవాలు హెడ్‌ఫ్రేముల్లో ఆస్ట్రేలియాలో మిగిలినవాటిలో ఇదే పెద్దది. 1980ల్లో ఓపెన్ పిట్ తవ్వకం మొదలైనప్పుడు ఉన్న చోటు నుంచి తీసి మ్యూజియం ఆవరణలో నిలబెట్టారు. రెండోది 1912 నాటి ఆవిరి వైండర్, అంటే షాఫ్టులోకి తాడు వదిలి పైకి లాగే యంత్రం, ఫ్రేజర్ అండ్ చామర్స్ కంపెనీ చేసింది. డ్రమ్ము పరిమాణం చూస్తేనే తెలుస్తుంది ఎంత లోతుకి తాడు వదిలేవారో. బ్రేకులు, లోతు చూపించే ముల్లు, డ్రైవర్ నిలబడే చోటు అన్నీ ఉన్నాయి. దాని దగ్గర ఆయన్ని వదిలేసి మీరు పక్కకి వెళ్లండి. అక్కడ గైడు అవసరం ఆయనకి లేదు, మీ పిల్లలకే ఆయన గైడు.

ఈ ఆవిరికి కట్టెలే ఆధారం. గని కోసం ప్రత్యేకంగా కట్టెల రైలు మార్గం ఉండేది, వుడ్‌లైన్ అనేవారు. ముల్గా చెట్లు నరుకుతూ, అయిపోగానే పట్టాలు ఇంకా ముందుకు జరుపుతూ పోయారు. కట్టెలు కొట్టినవాళ్లలోనూ ఇటలీవాళ్లు, స్లావ్‌లే ఎక్కువ. దారిలో చెట్లన్నీ బక్కగా, ఒకే ఎత్తులో ఎందుకున్నాయని మీరు అనుకుంటే జవాబు చాలావరకు ఇదే.

ఇంకో సంగతి బోర్డుల మీద చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. ఇక్కడి బంగారం పలుగురాయిలో ఉంటుంది. దాన్ని పొడిగా తొలిచిన రోజుల్లో ఆ సన్నటి రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి, చాలామంది మగవాళ్లు నడివయసులోనే దగ్గుతూ పోయారు. బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకి ఈ జబ్బు సంగతి కొత్త కాదు.

1963 డిసెంబరు 28న గని మూసేశారు. క్రిస్మస్ అయిన మూడు రోజులకి. అప్పటికి 26 లక్షల ఔన్సుల పైన బంగారం తీశారు, అంటే సుమారు 82 టన్నులు. కల్గూర్లీలోని గోల్డెన్ మైల్ అనే గనుల వరస బయట ఆ రాష్ట్రంలో ఇంత తీసిన గని అప్పటికి ఇంకోటి లేదు. ఊళ్లో దాదాపు 1,200 మంది ఉండేవారు. మూడు వారాలకి 40 మంది మిగిలారు. ఉద్యోగాల కోసం రైలెక్కి కల్గూర్లీ వెళ్లిపోయారు, మోయలేని సామాను ఇళ్లలోనే వదిలేశారు. మీరు చూసే మంచాలు, పొయ్యిలు ఇంత బాగా మిగిలి ఉండటానికి కారణం ఆ తొందరే. తర్వాత స్థానికులు 1970ల మొదట్లోనే మ్యూజియం పెట్టి కాపాడకపోతే ఆ రేకులు కూడా ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవారు.

అయితే గ్వాలియా పూర్తిగా పాడుబడిన ఊరు కాదు. 1980ల్లో బంగారం ధర పెరిగాక అదే చోట మళ్లీ తవ్వారు. ఆ కంపెనీ 2004లో దివాలా తీసింది, గని చేతులు మారింది, 2023 నుంచి జెనెసిస్ మినరల్స్‌ది. ఇప్పుడు భూగర్భంలో పని ఒకటిన్నర కిలోమీటర్ల లోతు దాటింది, రాయిని లారీలే చుట్టూ తిరుగుతూ పైకి తెస్తాయి. మ్యూజియం దగ్గరి వ్యూ పాయింటు నుంచి పిట్‌లోకి చూస్తే అడుగున సొరంగం నోరు, అందులోకి పోయే లారీలు కనిపిస్తాయి. ఒకవైపు 1898 నాటి ఇల్లు, ఎదురుగా ఈ రోజు షిఫ్టు. నాకు తెలిసి ఈ రెండూ ఇంత దగ్గరగా కనిపించే చోటు గోల్డ్‌ఫీల్డ్స్‌లో ఇంకోటి లేదు. మనవైపు కోలార్ కూడా అదే కాలంలో లండన్ కంపెనీల చేతుల్లో పెరిగిన ఊరే. తెలుగువాళ్లు చాలామంది ఆ గనుల్లో పనిచేశారు. అది 2001లో మూతపడింది. కోలార్ చూసినవాళ్లు ఎవరైనా మీ కారులో ఉంటే మాటలకి కొదవుండదు.

లియోనోరా ఊరు అరగంటలో నడిచి చూసేయొచ్చు. టవర్ స్ట్రీట్‌లో పాత భవనాలు, వాటి ముందు సమాచార బోర్డులు. సాయంత్రం ట్యాంక్ హిల్ ఎక్కి ఊరంతా చూడండి, కారు పైదాకా వెళ్తుంది. 1869లో ఇటు వచ్చిన అన్వేషకుడు జాన్ ఫారెస్ట్ దగ్గర్లోని కొండకి పెట్టిన పేరే తర్వాత ఊరికి వచ్చింది. అంతకు ముందే వేల ఏళ్లుగా ఇది ఇక్కడి ఆదివాసీల నేల, ఇప్పటికీ ఊళ్లో వాళ్ల జనాభా గణనీయం. ఫోటోలు తీసేముందు అడగండి, ఎక్కడైనా ఇది మా పవిత్ర స్థలం అని బోర్డుంటే దాటొద్దు.

దారిలో ఏం చూడాలంటే, మెంజీస్ ఒకటి. కల్గూర్లీకి 132 కి.మీ. టౌన్‌హాల్ గడియారం గోపురం చూడండి. దాదాపు వందేళ్లు అందులో గడియారమే లేదు. తెస్తున్న ఓడ 1905లో మునిగిందని అక్కడివాళ్లు చెప్పే కథ. మెంజీస్ నుంచి పడమటికి 50 కి.మీ. పోతే లేక్ బల్లార్డ్. తెల్లటి ఉప్పు చెరువు మీద దూరదూరంగా 51 బక్కపలచటి లోహపు మనుషులు నిలబడి ఉంటారు. 2003లో బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీ మెంజీస్‌లో ఉండే జనం శరీరాలని స్కాన్ చేసి, ఆ కొలతల్ని కుదించి పోత పోశాడు. ఎండ పడే తీరు వల్ల పొద్దున్నే గానీ సాయంత్రం గానీ బాగుంటుంది. ఆ చెరువుకి ఆదివాసీల ఏడుగురు అక్కచెల్లెళ్ల కథతో సంబంధం ఉంది, వాళ్లే ఆకాశంలో మనం కృత్తికలనే నక్షత్రాల గుంపు. జులైలో తెల్లవారుజామున లేస్తే తూర్పున కనిపిస్తాయి.

అమ్మగారు ఆ ఉప్పు మీద ఎక్కువ నడవక్కర్లేదు, ఒడ్డుకి దగ్గరగానే కొన్ని బొమ్మలున్నాయి. వాన పడితే ఆ ఉప్పు కింద బంక మట్టి బూట్లకి అరంగుళం మందం అంటుకుంటుంది. పాత చెప్పులతో వెళ్లండి. ఆ రోడ్డు మట్టిది. పొడిగా ఉంటే నెమ్మదిగా సెడాన్ పోతుంది. వాన పడ్డాక మూసేస్తారు, మూసిన రోడ్డు మీద పోతే భారీ జరిమానా. మెంజీస్‌లో ఆగి రోడ్డు సంగతి కనుక్కున్నాకే తిరగండి. అద్దె కారు తీసుకుంటే మాత్రం కాంట్రాక్టులో తార్రోడ్డు దాటొద్దని ఉంటుంది, కొన్నింట్లో చీకటి పడ్డాక ఊరి బయట నడపొద్దని కూడా. చదివి సంతకం పెట్టండి.

మెంజీస్, లియోనోరా మధ్య తూర్పువైపు తిరిగితే నయాగరా డ్యామ్. పేరు విని ఊహించుకోకండి, చిన్న కట్ట, చుట్టూ ఎర్ర రాళ్లు. 1897, 98ల్లో రైలు ఇంజన్ల నీళ్ల కోసం కట్టారు, సిమెంటు ఒంటెల మీద మోశారు. కట్టడం అయ్యేసరికి దగ్గర్లోనే మంచి నీళ్లు దొరికి, దాని అవసరమే తీరిపోయింది. ప్రభుత్వ ప్రాజెక్టులు ఎక్కడైనా ఒకటే! మధ్యాహ్నం అన్నం మూట విప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ దారిలో లేదు.

ఒంటెల మాట వచ్చింది కాబట్టి కూల్‌గార్డీ గురించి రెండు మాటలు. బేలీ స్ట్రీట్ అంత వెడల్పుగా ఎందుకుందో తెలుసా, ఒంటెల బారు మొత్తం వెనక్కి తిరగాలి కాబట్టి. ఆ ఒంటెలు తోలినవాళ్లని ఇక్కడ అందరూ అఫ్ఘన్లనే అంటారు గానీ, వాళ్లలో బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో, అంటే అప్పటి ఇండియావాళ్లే. రైలు రాకముందు తిండీ నీళ్లూ యంత్రాలూ అన్నీ వాళ్లే చేరవేశారు. కానీ గని లీజు తీసుకునే హక్కు వాళ్లకి ఇవ్వలేదు. 1896లో తఘ్ మహమ్మద్ అనే పెద్ద ఒంటెల వ్యాపారి కూల్‌గార్డీ మసీదులో నమాజు చేస్తుండగా హత్యకు గురయ్యాడు. ఊరి బయటి శ్మశానంలో వాళ్ల సమాధులకి వేరే భాగం ఉంది. అదే శ్మశానంలో అన్వేషకుడు ఎర్నెస్ట్ గైల్స్ సమాధి కూడా ఉంది, ఎక్కువమంది దానికోసమే ఆగుతారు. మీరు ఒంటెల వాళ్ల వైపు కూడా వెళ్లండి.

పెర్త్ నుంచి వచ్చే దారి పొడవునా పక్కన ఒక పెద్ద గొట్టం మీతోపాటే వస్తుంది. ముండారింగ్ డ్యామ్ నుంచి కల్గూర్లీకి 500 కి.మీ. పైన ఎనిమిది పంపింగ్ స్టేషన్లతో నీళ్లు ఎత్తిపోసిన పైప్‌లైన్ అది. 1903 జనవరిలో ప్రారంభమైంది. రూపకల్పన చేసిన ఇంజనీరు సి.వై.ఒకానర్, విమర్శల ధాటికి తట్టుకోలేక, అంతకు పది నెలల ముందే ఆత్మహత్య చేసుకున్నాడు. మెరెడిన్‌లో టీకి ఆగినప్పుడు పాత పంపింగ్ స్టేషన్ చూడొచ్చు. ఎత్తిపోతల పథకాలు చూసిన తెలుగువాళ్లం, మనకి ఆసక్తిగానే ఉంటుంది.

నాలుగు రోజులు చాలవు. ఐదు చేసుకోండి. మొదటి రోజు పెర్త్ నుంచి కల్గూర్లీ, 595 కి.మీ., ఆగుతూ వస్తే రోజంతా పడుతుంది. రెండో రోజు పొద్దున సూపర్ పిట్, తర్వాత మెంజీస్, రోడ్డు బాగుంటే లేక్ బల్లార్డ్, చీకటి పడకముందే లియోనోరా. మూడో రోజంతా గ్వాలియాకే. నాలుగో రోజు నయాగరా డ్యామ్ మీదుగా కల్గూర్లీ, ఐదో రోజు కూల్‌గార్డీలో ఆగి ఇంటికి. ఐదో రోజు కుదరకపోతే లేక్ బల్లార్డ్, నయాగరా వదిలేయండి. గ్వాలియా రోజుని మాత్రం సగం చేయొద్దు. ఇంకో దారి కూడా ఉంది: పెర్త్ నుంచి కల్గూర్లీకి ప్రాస్పెక్టర్ రైలు వస్తుంది, ఏడు గంటల లోపే. పెద్దవాళ్లకి కాళ్లు చాపుకునే వీలుంటుంది. కల్గూర్లీలో కారు అద్దెకి తీసుకోవచ్చు.

డ్రైవింగ్ విషయంలో నాకున్న టెన్షన్ ఒక్కటే, చీకటి. జులైలో ఇక్కడ ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. ఆ వేళకి, మళ్లీ తెల్లవారేటప్పుడు కంగారూలు రోడ్డెక్కుతాయి. పశువులకి కంచెలుండవు, ఎమూ పక్షులు ఏ వైపు పరిగెడతాయో వాటికే తెలియదు. నాలుగున్నరకల్లా గదికి చేరేలా చూసుకోండి. రోడ్ ట్రెయిన్లు, అంటే వరసగా ట్రైలర్లు తగిలించిన లారీలు, 50 మీటర్లు దాటి ఉంటాయి. ఎదురుగా కిలోమీటరు పైన ఖాళీ కనిపిస్తే తప్ప దాటొద్దు, తొందరేం లేదు. పెట్రోలు సదరన్ క్రాస్‌లో, కల్గూర్లీలో, లియోనోరాలో నింపుకోండి, సగానికి తగ్గనివ్వొద్దు. ఊరు దాటగానే ఫోన్ సిగ్నల్ పోతుంది, ఉన్నచోట్ల టెల్‌స్ట్రా నెట్‌వర్క్ నయం. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మనిషికి రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్లు డిక్కీలో ఉండాలి. కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండాలి, నడిచి ఎక్కడికీ పోకూడదు.

పాత గుంతల విషయం పిల్లలకి గట్టిగా చెప్పండి. కంచె లేని షాఫ్టులు ఆ చుట్టుపక్కల బోలెడు. ఫోటో కోసం వెనక్కి అడుగులేయడం అనేది ఇక్కడ చేయకూడని పని. రేకు ముక్క, సీసా, రాయి ఏదీ తెచ్చుకోకూడదు, అది వారసత్వ స్థలం. బంగారం వెతకాలని నాన్నగారు సరదా పడితే ప్రభుత్వం దగ్గర మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం తీసుకోవాలి, అప్పుడు కూడా అనుమతి ఉన్న చోటే.

అమ్మగారికి: హూవర్ హౌస్, వైండర్ దాకా కారు దాదాపు దగ్గరికే పోతుంది. ఇళ్ల మధ్య నేల ఎగుడుదిగుడు, గడపలు ఎత్తు, చేతికర్ర మంచిది. మడత కుర్చీ ఒకటి పెట్టుకోండి. చలి తక్కువేమీ కాదు, రాత్రి ఐదు డిగ్రీలకి, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది, పగలు 17, 18 ఉంటుంది. జులైలో ఈగల బాధ తక్కువ, ఎండాకాలంలోనైతే ముఖానికి వల లేకుండా నోరు తెరవలేం.

భోజనం: కల్గూర్లీలో ఇండియన్ రెస్టారెంట్లున్నాయి, పెద్ద సూపర్‌మార్కెట్లున్నాయి. అక్కడి నుంచి పైకి శాకాహారం అంటే చిప్స్, టోస్టు. రైస్ కుక్కర్, పచ్చళ్లు, పొడులు, పెరుగు డబ్బాలు కూలర్ పెట్టెలో తీసుకెళ్లండి. గదిలో ఎండుమిర్చి పోపు మాత్రం పెట్టొద్దు. స్మోక్ అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది, దాని బిల్లు మీకే.

గదులే అసలు సమస్య. లియోనోరా మోటళ్లు గని కాంట్రాక్టర్లతో నిండిపోతాయి, ముఖ్యంగా సోమవారం నుంచి గురువారం దాకా. హూవర్ హౌస్‌లో ఉన్న గదులే కొన్ని. కాబట్టి గ్వాలియా రోజు శని, ఆదివారాల్లో పడేలా చూసుకుని ముందు లియోనోరా గది ఖాయం చేయండి, కల్గూర్లీది తర్వాత. మ్యూజియం ఏ రోజుల్లో, ఏ వేళల్లో తెరుస్తారో అప్పుడే ఫోన్లో కనుక్కోండి. సెలవుల్లో కుదరలేదని ఆగస్టు మొదటి వారానికి మాత్రం జరపొద్దు, డిగ్గర్స్ అండ్ డీలర్స్ అనే మైనింగ్ సదస్సుకి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు, ఆ వారం కల్గూర్లీలో మంచం కూడా దొరకదు.